బావజీర్: ఇందులో బావ లేడు

ప్రశ్న:

హైదరాబాద్ పాతబస్తీలో బార్కాస్ వైపు పనిమీద వెళ్లినప్పుడు ఒక కొట్టు బోర్డు చూశాను. పేరు ఉర్దూలో ఒకే మాటగా ఉంది, ఇంగ్లీషులోనూ ఒకే మాట. తెలుగు దగ్గరికి వచ్చేసరికి పెయింటర్ దాన్ని రెండు ముక్కలు చేసి "బావ జీర్" అని రాశాడు. లోపల కూర్చున్న కుర్రాడిని అడిగితే "అది మా ఇంటిపేరు సార్, అరబ్బుల పేరు" అన్నాడు. బావ ఎవరు, జీర్ ఏమిటి? అరబీ తెలిసినవాళ్లు ఎవరైనా విడమరచి చెప్తారా?

జవాబు 1:

అది మన బావ గాదన్నా. వజీర్ అంటే మంత్రి. దాని ముంగట "బా" వచ్చింది. బార్కాస్‌ల ఉండే చావుష్‌లకు, అంటే గీడి అరబ్బులకు, గిట్ల బా తోని మొదలయ్యే పేర్లు మస్తుగుంటయి. గా "బా" ఏందో నాకు గూడ ఎరుకలేదు.

జవాబు 2:

ఇందులో పెద్ద చిక్కేమీ లేదండి. పారసీలో "బా" అంటే "తో", "సహితంగా". పాత సినిమాల్లో దర్బారు సీను గుర్తు తెచ్చుకోండి: "బాఅదబ్, బాములాహిజా, హోషియార్!" అదబ్ అంటే మర్యాద, బాఅదబ్ అంటే మర్యాదతో. ఆ లెక్కన బావజీర్ అంటే "మంత్రి సమేతుడు". నిజాం దర్బారులో ఎవరికో ఇచ్చిన బిరుదు తర్వాత ఇంటిపేరుగా మారి ఉంటుంది.

జవాబు 3:

పారసీ ఊహ ముచ్చటగా ఉంది. ఉర్దూ వచ్చిన ఎవరికైనా ముందు తట్టేది అదే. రాతలో కూడా తేడా తెలియదు, రెండూ బే, అలిఫ్ అక్షరాలే. కానీ ఈ పేరుకు ఆ దారి కుదరదు. ఎందుకంటే ఈ "బా" వజీరు ముందే కాదు, మనుషుల పేర్ల ముందూ వస్తుంది. బాఒబైద్, బాజాబిర్ లాంటి ఇంటిపేర్లు ఉన్నాయి. "ఒబైద్ సమేతుడు" అని ఎవరైనా ఇంటిపేరు పెట్టుకుంటారా? పైగా ఈ పేర్లు పుట్టిన చోట పారసీ దర్బార్లు లేవు. ఇవి హద్రమౌత్ పేర్లు. అంటే యెమెన్‌కు తూర్పు భాగం. ఒక పెద్ద లోయ, దానికి దక్షిణంగా సముద్ర తీరంలో ముకల్లా, షిహ్ర్ అనే రేవులు. ఈ తరహా "బా" పేరు జకార్తాలో కనిపించినా, మొంబాసాలో కనిపించినా, చాంద్రాయణగుట్టలో కనిపించినా ఆ కుటుంబం పూర్వీకుల ఊరు ఆరా తీస్తే దాదాపుగా అక్కడికే చేరతాం.

అక్కడి "బా"కు మూలం "అబూ". తండ్రి అని అర్థం. పుస్తకాల అరబీలో ఈ మాట విభక్తిని బట్టి మూడు రూపాలు తొడుగుతుంది. అబూ బక్ర్ వచ్చాడు, అబా బక్ర్‌ను చూశాను, అబీ బక్ర్ ఇల్లు, ఇలా. హద్రమౌత్ వాడుకలో వీటిలో "అబా" ఒక్కటే నిలిచింది. ముందున్న "అ" రాలిపోయి "బా" మిగిలింది. ఇక వాక్యంలో కర్త అయినా కర్మ అయినా అది కదలదు. ఉత్తర ఆఫ్రికాలో ఇదే మాట ఇంకోలా అరిగి "బూ" అయింది. అల్జీరియా అధ్యక్షులుగా చేసిన బూమెదియెన్, బూతెఫ్లికాల పేర్లలో ఉన్నది అదే. (ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన బుత్రోస్ ఘాలీని ఈ జాబితాలో కలపకండి. బుత్రోస్ అంటే పీటర్.)

తండ్రి అన్నాం కదా అని కన్నతండ్రే అనుకోనక్కర్లేదు. అరబీలో "అబూ" చాలా వదులుగా వాడే మాట. ప్రవక్త సహచరుల్లో ఒకరిని అబూ హురైరా అనేవారు. అంటే పిల్లికూన తండ్రి. ఆయనకు పిల్లులంటే ఇష్టం, అంతే. ఒకదానితో గట్టి సంబంధం ఉన్నవాడు అని చెప్పడానికి ఈ మాట చాలు. ఇక ఇంటిపేరులోకి వచ్చాక "బా" అంటే "ఫలానా వారి వంశం" అని అర్థం చేసుకోవాలి. (ఈ ఫలానా కూడా అరబీ నుంచి మనకు వచ్చినదే.) కాబట్టి బావజీర్ అంటే వజీరు గారి వంశం వాళ్లు.

మన వైపు నుంచి చూస్తే ఇది వింతేమీ కాదు. ఊరు ఏలూరు, ఇంటిపేరు ఏలూరి. ఊరు నెల్లూరు, ఇంటిపేరు నెల్లూరి. ఎప్పుడో షష్ఠిలో "ఏలూరి వారు" అని పలికిన రూపం అలాగే గడ్డకట్టి ఇంటిపేరైంది. "వారు" తీసేసినా ఆ ఇకారం వెనక్కి పోలేదు. హద్రమౌత్‌లో "అబా" గడ్డకట్టింది, మన దగ్గర షష్ఠి గడ్డకట్టింది. భాషలకు చుట్టరికం లేదు గానీ పని జరిగిన తీరు ఒకటే. అర్థం సంగతికి వస్తే మనకు మంత్రిప్రగడ వారు లేరూ? బావజీర్ వాళ్లు వాళ్లకు అరబ్బు వియ్యంకులు.

ఇంతకీ ఆ వజీరు ఎవరు? కుటుంబం చెప్పుకునే వంశవృక్షం బాగ్దాద్ దాకా పోతుంది. అబ్బాసీ ఖలీఫా అల్ ముస్తర్షిద్ 1118 నుంచి 1135 వరకు ఏలాడు. ఆయన దగ్గర అలీ బిన్ తిరాద్ అల్ జైనబీ అనే వజీరు ఉండేవాడు. ఈ వజీరు చరిత్రలో ఉన్న మనిషే, సందేహం లేదు. ఆయన వంశంలోని షేక్ యాఖూబ్ బిన్ యూసుఫ్ బాగ్దాద్ విడిచి ముకల్లా వచ్చి స్థిరపడ్డాడని వాళ్ల మాట. ముకల్లాలో యాఖూబ్ పేరు మీద శ్మశానవాటిక ఇప్పటికీ ఉంది. వంశవృక్షాలను నేను సాధారణంగా చిటికెడు ఉప్పు చల్లుకునే చదువుతాను, అవి ఏ దేశానివైనా. కానీ "వజీరు" అన్న మాట ఇంటిపేరులో ఎందుకు దిగిందో చెప్పడానికి ఈ కథ సరిపోతుంది.

హద్రమౌత్‌కు వచ్చాక ఈ వంశం మంత్రి పదవుల జోలికి పోలేదు. అక్కడ సమాజం మెట్లు మెట్లుగా ఉండేది. ప్రవక్త వంశీకులైన సయ్యదులు, ఆ తర్వాత మషాయిఖ్, అంటే షేక్‌ల కుటుంబాలు, ఆయుధాలు పట్టే తెగలు, అందరికన్నా కింద ఊళ్లలోని పనివాళ్లు, రైతులు. బావజీర్‌లు మషాయిఖ్. వీళ్ల పని చదువు చెప్పడం, తగవులు తీర్చడం, "హౌతా" అనే అభయస్థలాలను చూసుకోవడం. హౌతా హద్దు లోపల కత్తి దూయకూడదు. ఎంత పాత పగ ఉన్నా సరే.

ఈ కుటుంబం పేరుతో ఏకంగా ఊరే ఉంది. గైల్ బా వజీర్, ముకల్లాకూ షిహ్ర్‌కూ మధ్య, తీరానికి కొంచెం లోపలగా. "గైల్" అంటే పారే ఊటనీరు. 14వ శతాబ్ది మొదట్లో షేక్ అబ్దుర్రహీమ్ బిన్ ఉమర్ బావజీర్ అక్కడ ఊరు కట్టించాడని చెప్తారు. చుట్టూ ఎండిన నేల, ఇక్కడ మాత్రం భూమిలోంచి ఊటలు. వాటిని కాలువలుగా తవ్వి పొలాలకు మళ్లించారు. ఈ ఊరికి బాగా పేరు తెచ్చిన పంట పొగాకు. "హుమ్మీ" అంటారు, హుక్కాలో వాడే ఘాటు రకం. గుంటూరు వాళ్లు గమనించగలరు. మనకు ఊరిని బట్టి ఇంటిపేరు వస్తుంది, ఇక్కడ ఇంటిపేరును బట్టి ఊరు వచ్చింది.

అడిగినవారు:

చాలా బాగా చెప్పారు సార్. మరి వాళ్లు బార్కాస్ దాకా ఎలా వచ్చారు?

జవాబు 3:

సైన్యం కోసం అండీ. హద్రమౌత్‌లో వానలు అంతంత మాత్రం, తెగల మధ్య కొట్లాటలకు కొదవ లేదు. మగవాళ్లు సముద్రం దాటి పోవడం అక్కడ తరాల అలవాటు. 19వ శతాబ్దంలో నిజాం కొలువులో అరబ్బు పటాలాలు గట్టిగా ఉండేవి. వాటి నాయకులను జమేదార్లు అనేవారు. పటాలం ఉన్న చోటు బ్యారక్స్, అదే నోట్లో నలిగి బార్కాస్. "చావుష్" కూడా సైన్యం మాటే. తుర్కీ భాషలో చావుష్ అంటే సార్జెంటు లాంటి చిన్న అధికారి. హైదరాబాద్‌లో అరబ్బులందరికీ అదే పేరు స్థిరపడింది.

ఆ జమేదార్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఒకడు. (కువైట్‌తో సంబంధం లేదు, తెలుగులో చదివితే అలా వినిపిస్తుంది, అంతే.) ఆయన హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బు సొంతగడ్డలో రాజ్యం కట్టడానికి పోయింది. 1860లలో ఆయన కొడుకులు షిహ్ర్ పట్టుకున్నారు, 1881లో ముకల్లా. గైల్ బా వజీర్ కూడా వాళ్ల ఏలుబడిలోకే వచ్చింది. 1888లో బ్రిటిష్ వాళ్లతో రక్షణ ఒప్పందం, 1967లో రాజ్యం అంతం. ఈ సుల్తానుల్లో కొందరు ముకల్లాలో కన్నా హైదరాబాద్‌లోనే హాయిగా ఉండేవారు. ఇక్కడి జమేదారీ హోదా, నిజాం ఇచ్చిన జంగ్ బిరుదులు, అక్కడి సింహాసనం, అన్నీ ఒకే ఇంట్లో. నన్నడిగితే మన బడి పుస్తకాల్లో హైదరాబాద్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ సంగతికి ఒక పేజీ అయినా ఇవ్వాలి. మన ఊరి జీతం డబ్బులతో అరేబియాలో ఒక రాజ్యం లేచిందంటే చిన్న విషయమా!

1948 పోలీసు చర్య తర్వాత కొంతమంది అరబ్బులను నిర్బంధించి వెనక్కి పంపేశారు. ఉండిపోయినవాళ్లు ఇక్కడివాళ్లైపోయారు. పేర్లు మాత్రం అరబ్బు పద్ధతిలోనే సాగాయి: ఫలానా బిన్ ఫలానా, చివర ఇంటిపేరు. మన కాగితాల దగ్గర దీనితో పేచీ ఏమిటంటే, తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, వాళ్లకు చివర. ఫారం నింపే గుమాస్తా మొదటి మాటను ఇంటిపేరు గడిలో వేస్తాడు, తండ్రి పేరు మనిషి పేరైపోతుంది, అసలు ఇంటిపేరుకు చోటే ఉండదు.

జవాబు 1:

మరి మలక్‌పేట ఎమ్మెల్యే బలాలా పేరు గూడ గదేనా సార్?

జవాబు 3:

అవునండి, అదీ హద్రమీ ఇంటిపేరే. కెన్యాలో పర్యాటక మంత్రిగా చేసిన నజీబ్ బలాలా పేరు విన్నారా? మలక్‌పేటకూ మొంబాసాకూ ఒకే ఇంటిపేరు.

జవాబు 2:

పారసీ వాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క అనుమానం. ఇది అంత అరుదైన పేరా? ఇంగ్లీషులో నాలుగైదు రకాల స్పెల్లింగులు కనిపిస్తున్నాయి, అన్నీ ఒకటేనా?

జవాబు 3:

అన్నీ ఒకటేనండి. స్పెల్లింగు చూసి వాళ్లు ఏ దేశం మీదుగా వచ్చారో చాలాసార్లు ఊహించవచ్చు. ఇండోనేషియాలో "ఈ"కారాన్ని డచ్చి పద్ధతిలో ఐ, ఇ అక్షరాలు కలిపి రాస్తారు. సుహార్తో చివరి మంత్రివర్గంలో, 1998లో, ఆర్థిక మంత్రిగా చేసిన ఫువాద్ బావజీర్ అలాగే రాసుకుంటారు. సౌదీలో, హైదరాబాద్‌లో ఇంగ్లీషు పద్ధతిలో రెండు ఇ-లు వేయడం ఎక్కువ. హద్రమౌత్‌లో, జెద్దాలో ఇది అందరికీ తెలిసిన పేరు. అరుదు అన్నది మన వైపు నుంచి. తెలుగు నేల మీద పాతబస్తీ దక్షిణపు కొస దాటితే ఈ పేరు ఎదురుకావడం కష్టం.

అదే ఇండోనేషియాలో బాస్వెదాన్ ఉంది, అంటే బా సువైదాన్. 2017 నుంచి 2022 వరకు జకార్తా గవర్నరుగా చేసిన అనీస్ బాస్వెదాన్ తాతగారు 1934లో అక్కడ అరబ్బుల పార్టీ స్థాపించారు. ఇంత దూరం పోనక్కర్లేదు, కేరళలో ముస్లిం లీగ్ పెద్ద నాయకుడు బాఫఖీ తంగల్ ఉండేవారు, 1973లో పోయారు. బా ఫఖీహ్, అంటే ధర్మశాస్త్రం తెలిసినవాడి వంశం. ఆయన సయ్యదు. కాబట్టి "బా" ఏదో ఒక్క వర్గానికి గుర్తు అనుకోవడానికి లేదు.

ఒక హెచ్చరిక. "బా" కనిపించిన ప్రతిచోటా హద్రమౌత్ వెతకకండి. కడప బాషా, గుంటూరు బాషా వేరు. అది పాదుషాకో, పాషాకో చుట్టం. "బా" తీసేశాక మిగిలింది అరబీలో నిలబడే పేరో, మాటో అయి ఉండాలి. "షా" పారసీ.

అడిగినవారు:

అయితే ఆ పెయింటర్‌కు ఏం చెప్పమంటారు? తెలుగులో ఎలా రాయాలి?

జవాబు 3:

కలిపి రాస్తే "బావజీర్". విడదీయాలనిపిస్తే "బా వజీర్", ఊరి పేరు అలాగే రాస్తారు. "బావ" దగ్గర మాత్రం విరగ్గొట్టకూడదు. "బవజీర్", "బావాజిర్" అని కూడా రాస్తుంటారు, రెండూ తప్పే, దీర్ఘాలు తారుమారయ్యాయి. ఇక జకారం సంగతి. అరబీలో ఉన్నది బుసకొట్టే జ. మనకు దానికి దగ్గరగా "జల్లెడ"లోని దంత్య జకారం ఉంది, కానీ ఇ, ఈల ముందు అది రాదు. "జీర్" అని రాస్తే తెలుగు నోరు "జీతం"లోని జకారమే పలుకుతుంది. దానికి చేయగలిగింది లేదు, వజీరు అన్న మాటనూ మనం ఎన్నాళ్లుగానో అలాగే పలుకుతున్నాం.

అకారాది సూచికలో పెట్టాల్సి వస్తే "బ" కిందే పెట్టండి. అరబీ పేర్ల ముందు వచ్చే "అల్" మాదిరిగా దీన్ని పక్కన పెట్టి చూడరు, అరబీ సూచికల్లో కూడా బే కిందే వెతుక్కోవాలి.