పీటీఈ స్పీకింగ్ కోసం యాస మార్చుకోవాలా?

బెంగళూరు మారతహళ్ళిలో ఉద్యోగం చేసుకుంటూ, ఆస్ట్రేలియా వీసా కోసం పీటీఈ అకడమిక్ అనే ఇంగ్లిష్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. మార్కులు ప్రధానంగా కంప్యూటరే వేస్తుంది కనుక తెలుగు యాస వినిపిస్తే స్కోరు పడిపోతుందనీ, గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే విషయమెలా ఉన్నా గరిష్ఠ స్కోరైన 90కి చేరువవుతామనీ మా పీజీ హాస్టల్‌లో అందరూ గట్టిగా నమ్ముతున్నారు. (వారి అరువు అమెరికన్ యాస అర్థం చేసుకోవడం నాకే కష్టంగా ఉంది.) నేను చదివినంతలో, ‘డిస్క్రైబ్ ఇమేజ్’లో (తెరపై చూపిన చిత్రాన్ని వర్ణించే ప్రశ్న) విషయానికీ, ఉచ్చారణకూ, ధారాళతకూ విడివిడిగా మార్కులుంటాయి, 3 సెకన్లు మౌనంగా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది కానీ, వేగానికి ప్రత్యేకంగా మార్కులేమీ లేవు. సహజమైన తెలుగు యాసతోనే స్పీకింగ్‌లో 79 దాటినవారు ఎవరైనా ఉంటే, ఏ శబ్దాలపై ఎక్కువ సాధన చేశారో, ఎంత వేగంతో మాట్లాడారో దయచేసి వివరించగలరా?