అసలైన అసీల్ కోడిపెట్టను గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. సంతలో అసీల్ (పందెం కోళ్ల జాతి) అని చెప్పి డేగ రంగు (ఎర్ర ఈకల) పెట్టను ఇచ్చారు. పది గుడ్లు పెట్టి ఆపేసింది. గంపలోంచి లేవట్లేదు, చెయ్యి పెడితే పొడుస్తోంది. మోసపోయానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, అది పొదుగుకొచ్చింది. ఈ జాతి గుడ్లు తక్కువే పెడుతుంది గానీ పిల్లల్ని సాకడంలో దీనికి సాటి లేదు. తల మీది ఎర్ర జుట్టు చూడండి, బఠాణీల్లా చిన్నగా తలకి అంటుకుని ఉండాలి. గొంతు కింద వేలాడే తోలు దాదాపు ఉండదు. మెడ పొడవు, ఈకలు ఒంటికి బిగుతుగా ఉంటాయి.

జవాబు: ఎదిగిన పెట్ట 3–4 కిలోలు తూగుతుంది, పుంజైతే 4–5. దయచేసి బ్రాయిలర్‌తో కలపకండి, జాతి పోతుంది.

ప్రశ్న అడిగినవారు: టార్చ్ వేసి చూశాను, జుట్టు అచ్చం మీరు చెప్పినట్టే ఉంది! పక్కింటి అసీల్ గుడ్లు ఆరు తెచ్చి కింద పెట్టాను. ముక్కుతో ఒక్కొక్కటే పొట్ట కిందకి లాక్కుంది. ఇంక 21 రోజులు.