రేడియో వార్తల్లో పక్షపాతాన్ని కొలిచేదెలా?

అమెరికాలోని పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ ఒకవైపే మొగ్గుతోందని 2024 ఏప్రిల్‌లో అప్పటి సీనియర్ ఎడిటర్ ఉరీ బెర్లినర్ రాశారు. ఆయన లెక్కలో 2011లో 26 శాతం ఉన్న కన్జర్వేటివ్ (సంప్రదాయవాద) శ్రోతలు 2023కి 11 శాతానికి పడిపోయారు. శ్రోతలు మారితే వార్తలూ మారినట్టేనా? అది తేల్చుకోవాలనే అక్కడి ఉదయం ఇంటర్వ్యూల ట్రాన్స్‌క్రిప్టులు తీసి, ఏ పార్టీవాళ్లకు ఎంతసేపు మైకు ఇచ్చారో రాసుకుంటూ వచ్చా. లాభం లేదు. ఒకర్ని మాటమధ్యలో ఆపి నిలదీయడం, ఇంకొకర్ని సాఫీగా వదిలేయడం నిమిషాల్లో కనపడదు, అసలు ఎత్తుకోని వార్తయితే లెక్కలోకే రాదు. పోనీ అని ట్రాన్స్‌క్రిప్టులో పేర్లు, పార్టీలు కొట్టేసి, ఎదుటి పార్టీని సమర్థించే స్నేహితుణ్ణీ ప్రశ్నల కటువుకు మార్కులు వేయమన్నాను. అయినా ఒకే ప్రశ్న నాకు మెత్తగా, తనకు కటువుగా అనిపించింది.

వినేవాళ్ల ఇష్టాయిష్టాలు అంటకుండా ఇంటర్వ్యూలో పక్షపాతాన్ని కొలవడానికి మీరు వాడి చూసిన పద్ధతి ఏదైనా ఉందా?