శుక్లం ఆపరేషన్: టోరిక్ లెన్సా, మల్టీఫోకలా?

ప్రశ్న:
నాన్నగారికి 66 ఏళ్లు. కుడి కంటి బయోమెట్రీ (లెన్స్ పవర్ కోసం కంటిని కొలిచే పరీక్ష) రిపోర్టులో కంటి పొడవు 23.4 మి.మీ., కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు అంకెలు కె1 43.25, కె2 45.25 (90 డిగ్రీల దగ్గర). డాక్టరుగారు టోరిక్ (కార్నియా వంపులోని తేడాని కూడా సరిచేసే లెన్స్) అన్నారు. కానీ ఇప్పటి కళ్లజోడులో సిలిండర్ (వంపు అన్నివైపులా సమానంగా లేనందుకు ఇచ్చే పవర్) 0.75 మాత్రమే ఉంది. అంత తక్కువకి టోరిక్ ఎందుకు? ఆయన రాత్రిపూట కారు నడుపుతారు, పుస్తకాలు బాగా చదువుతారు. మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ చూపించే లెన్స్) అడగమంటారా?

జవాబు 1:
జోడులోని సిలిండర్‌ని పక్కన పెట్టండి. అందులో కార్నియా వంపుతో పాటు సహజ కటకం వంపు కూడా కలిసి ఉంటుంది. ఆపరేషన్‌లో ఆ కటకం తీసేస్తారు కాబట్టి మిగిలేది కార్నియాదే. కె1, కె2ల తేడా 2.00 డయాప్టర్లు (పవర్ కొలిచే యూనిట్లు). మామూలు మోనోఫోకల్ (ఒకే దూరానికి సరిపెట్టే లెన్స్) వేస్తే దూరం చూడటానికి కూడా జోడు తప్పకపోవచ్చు. టోరిక్ అనడం సబబే.

ఒకటి మాత్రం అడగండి: కార్నియా వెనకవైపు వంపుని లెక్కలో కలిపారా? ఇలా నిలువు వంపు (90 డిగ్రీల దగ్గరిది) ఎక్కువున్న కళ్లలో అది సుమారు అర డయాప్టర్‌ని తగ్గిస్తుంది. వదిలేస్తే సిలిండర్ అడ్డంగా తిరిగి మిగులుతుంది.

టోరిక్ తన ఇరుసు నుంచి ఒక్కో డిగ్రీ పక్కకు జరిగితే దాని ప్రభావం సుమారు 3.3 శాతం పోతుంది. 30 డిగ్రీలు జరిగితే వేసినా వేయనట్టే. పడుకోగానే కన్ను కాస్త తిరుగుతుంది, అందుకే చేత్తో గుర్తులు పెట్టేటప్పుడు మనిషిని కూర్చోబెట్టే పెట్టాలి. ఆపరేషన్‌లో వాడే జెల్ లెన్స్ వెనక మిగిలిపోతే మొదటి గంటల్లోనే లెన్స్ జారుతుంది. జారినా, లెన్స్‌ని ఉంచిన లోపలి సంచి గట్టిగా పట్టకముందే, తొలి వారాల్లో, తిప్పి సరిచేయవచ్చు.

జవాబు 2:
రాత్రి డ్రైవింగ్ ఉందన్నారు కదా, నేనైతే మల్టీఫోకల్ వద్దంటాను. అది వెలుతురుని దూరానికీ దగ్గరికీ పంచుతుంది. దాంతో ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో స్పష్టత తగ్గుతుంది. రెటీనా మధ్యభాగంలో లోపం గానీ గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) గానీ ఉంటే అసలు ఆ మాటే ఎత్తకూడదు. కంటికి ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీశారా?

ప్రశ్న అడిగినవారు:
ఓసీటీ తీశారు, బాగుంది. మరి చదవడానికి జోడు తప్పదా?

జవాబు 2:
దూరానికి సరిపెట్టిన మోనోఫోకల్ టోరిక్ అయితే పుస్తకానికి సుమారు +2.50 జోడు కావాలి. ఎడమ కంటికీ ఆపరేషన్ చేస్తే, దాన్ని మైనస్ 1.00 దగ్గర, అంటే కాస్త దగ్గరి చూపుకి, నిలపమని అడగవచ్చు. ఫోన్, కంప్యూటర్ చాలావరకు జోడు లేకుండా నడుస్తాయి. సన్నక్షరాలకి మాత్రం జోడు కావాలి, రాత్రి డ్రైవింగ్‌కి కూడా పలచని జోడు అవసరం కావచ్చు.

జవాబు 3:
లెన్స్ రకం గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, కొలత తప్పితే ఏ లెన్సూ కాపాడదు. కంటి పొడవులో 1 మి.మీ. తేడా వస్తే పవర్ సుమారు 2.5 డయాప్టర్లు తప్పుతుంది. శుక్లం బాగా ముదిరి కాంతితో కొలవలేకపోతే అల్ట్రాసౌండ్ వాడతారు. అప్పుడు ప్రోబ్‌తో కార్నియాని నొక్కితే కన్ను పొట్టిగా కనిపించి ఎక్కువ పవర్ లెన్స్ పడుతుంది, మైనస్ పవర్ మిగులుతుంది. కళ్లు పొడిబారి ఉంటే కె అంకెలు నమ్మలేం, ముందు దానికి మందు వాడి మళ్లీ కొలవాలి. రెండు కళ్ల పొడవుల మధ్య 0.3 మి.మీ. కంటే ఎక్కువ తేడా కనిపించినా మళ్లీ కొలవమనండి. ఎప్పుడైనా లేసిక్ (జోడు అవసరం తగ్గించడానికి కార్నియాకి చేసే లేజర్ చికిత్స) చేయించుకుని ఉంటే తప్పక చెప్పాలి, దానికి సూత్రాలే వేరు.

ఆపరేషన్ అయ్యాక లెన్స్ పేరు, పవర్, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ తీసుకుని దాచండి.