తమ్ముడు సింగపూర్ వెళ్తున్నాడు, లారీ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్తారంట, నిజమేనా?

గోదారి_కుర్రాడు:
అందరికీ నమస్తే అండి. మా తమ్ముడికి సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ పని వచ్చింది, వచ్చే నెల ప్రయాణం. ఏజెంట్‌ని అడిగితే రూము, రాకపోకలు అన్నీ కంపెనీవే అన్నాడు. మొన్న వాట్సాప్‌లో ఎవరో వీడియో పెట్టారు, లారీ వెనకాల పాతిక మంది కింద కూర్చుని వెళ్తున్నారు, అది చూసిన దగ్గర్నుంచి మా అమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు. అక్కడ పనిచేసినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జగిత్యాల_అన్న:
నిజమే తమ్మీ. నేను ఆరేండ్లు చేసిన, మూడు కంపెనీలల్ల. పొద్దుగాల అయిదింటికే డార్మ్, అంటే మనోళ్లు ఉండే హాస్టల్, గేటు కాడ నిలవడాలె, లారీ వస్తది, ఎక్కి కింద కూసోవాలె. సీటు లేదు బెల్టు లేదు, కాళ్ల కాడ మిషన్లు, పైపులు. వాన పడితే కవర్ దించుతరు కని నీళ్లు లోపటికే వస్తయి. పొద్దంత పని చేసి మళ్లేటప్పుడు కూసున్నకాన్నే నిద్ర పోతం, బ్రేక్ కొడితే ఒకని మీద ఒకడు పడుడే. ఇంకొకటి, నడిపేటోడు వేరే డ్రైవర్ గాదు, మనతోని పన్నెండు గంటలు పని చేసినోడే. ఓసారి మా డ్రైవర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కునుకు తీసిండు, కేబిన్ల కూసున్నాయన భుజం గుద్ది లేపిండు. అప్పటిసంది నేను ముందు కూసుంటే ఆయనతోని ఏదో ఒకటి మాట్లాడుకుంటనే పోయేటోన్ని.

పద్మ_సింగపూర్:
నేను పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ఇక్కడ చట్టం ప్రకారం సరుకు బండి వెనక మనుషుల్ని ఎక్కించకూడదు, పనివాళ్ళని పనికి తీసుకెళ్ళడానికి మాత్రం మినహాయింపు ఉంది. నాకు బాధ కలిగించేది ఆ మినహాయింపే, ప్రమాదం అని తెలిసే కదా మిగతా అందరికీ వద్దన్నారు. 2010లో ముగ్గురు చైనా కార్మికులు చనిపోయాక పైకప్పు, ఎత్తు రైలింగ్ రూల్ గడువు ముందుకు జరిపారు. 2021 ఏప్రిల్ 20న 17 మంది ఉన్న లారీ పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగి ఉన్న టిప్పర్‌ని గుద్దింది, ఇద్దరు పోయారు, ఒకరు మన దేశం వాళ్ళు, ఒకరు బంగ్లాదేశ్. 2023 జనవరి నుంచి బండికి ఒక తోడు మనిషి ఉండి డ్రైవర్‌ని కనిపెట్టుకోవాలి, ఆరు గంటలకి మించి పని చేసినవాడైతే నడిపేముందు అరగంట రెస్ట్ ఇవ్వాలి అన్నారు. అదే ఏడాది జులైలో రెండు రోజుల్లో రెండు ప్రమాదాలు, 37 మంది ఆస్పత్రిలో. అప్పుడు చాలా సంఘాలు ఇది ఆపేయండి అని అడిగాయి, వ్యాపార సంఘాలు కుదరదన్నాయి, ఆగస్టులో ప్రభుత్వం కూడా చిన్న కంపెనీలు మూతపడతాయి, ఇళ్ళు, బడులు, మెట్రో పనులు ఆలస్యమవుతాయి అని నిషేధం పెట్టలేదు. ఆ ఇళ్ళు కట్టేది లారీలో వచ్చేవాళ్ళే.

సిక్కోలు_సూపర్వైజర్:
రెండో వైపు కూడా చెప్తాను, కోప్పడకండి. మా కాంట్రాక్టర్ దగ్గర 30 మంది, రోజుకి నాలుగైదు సైట్లు, ఒకచోటికి ఆరుగురు ఇంకోచోటికి నలుగురు, సామాన్లతో పాటు. సామాన్ల కోసం లారీ ఎలాగూ కొనాలి, అందులో మనుషులు ఎక్కితే అదనంగా ఖర్చు లేదు. బస్సు అడిగితే ఉదయం ఆరింటికి అందరికీ అదే టైం, దొరకదు. మా బాస్ ఒక్కడే బస్సు పెట్టి ఆ ఖర్చు టెండర్‌లో వేస్తే పక్కోడు తక్కువకి వేసి పని పట్టుకుపోతాడు. అందుకే అందరికీ ఒకే రోజు నుంచి రూల్ పెట్టాలి, అప్పుడు రేటు అందరికీ పెరుగుతుంది, ఎవడూ నష్టపోడు. నా మనుషుల్ని రోజూ లెక్కపెట్టి ఎక్కిస్తాను, సాయంత్రం లెక్క సరిపోయేదాకా మనసు కుదుటపడదు.

ఇందూరు_బహ్రెయిన్:
బహ్రెయిన్ల 2009ల్నే ఓపెన్ ట్రక్కులల్ల కార్మికుల్ని తీసుకపోవుడు బంద్ పెట్టిండ్రు. నేను 2012ల పోయిన, బస్సే. పాతది, ఏసీ సక్కగ రాకపోవు, అయినా సీటు మీద కూసోని పోయిన. అక్కడ అయినప్పుడు సింగపూర్ల ఎందుకు కాదో నాకైతే సమజ్ కాదు.

జగిత్యాల_అన్న:
అడిగేటోడు లేక అన్న. ఆడ పని చేసే పర్మిట్ కంపెనీ చేతుల ఉంటది, ఎప్పుడంటే అప్పుడు క్యాన్సిల్ చేస్తరు. నేను ఏజెంట్‌కు రెండు లక్షల డెబ్బై వేలు మిత్తికి తెచ్చి ఇచ్చిన, అవి తీరేదాక నోరు లేస్తదా? ఆడ మనకు ఓటు లేదు, ఈడ ఓట్లప్పుడు మనం ఊర్ల ఉండం.

పద్మ_సింగపూర్:
గోదారి తమ్ముడూ, ఇవి మీవాడికి చెప్పండి. లారీ మీద ఎంతమందిని ఎక్కించొచ్చో స్టిక్కర్ ఉంటుంది, అది, నంబర్ ప్లేటు ఫోటో తీసి ఇంటికి పంపమనండి. కంపెనీ బండిలో పనికి వెళ్తూ వస్తూ దెబ్బ తగిలినా పని ప్రమాదం కిందే నష్టపరిహారం వస్తుంది, కాబట్టి ఎవరేం చెప్పమన్నా డాక్టర్‌కి లారీలో అయ్యిందనే చెప్పాలి. టీడబ్ల్యూసీ2, హోమ్ అనే ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు వలస కార్మికులకి సాయం చేస్తాయి, ఆ ఫోన్ నంబర్లు ముందే దగ్గర పెట్టుకోమనండి.

గోదారి_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇప్పుడే ఏజెంట్‌ని గట్టిగా అడిగాను, లారీయే అని ఒప్పుకున్నాడు. డబ్బులు కట్టేశాం, తమ్ముడు వెళ్ళే తీరతానంటున్నాడు, అమ్మకి బస్సు అని చెప్పు అంటున్నాడు, నాకు నోరు రావట్లేదు. డార్మ్ టువాస్‌లో అంట, సైట్ పొంగోల్‌లో. ఎంతసేపు పడుతుంది?

జగిత్యాల_అన్న:
ఆ కొస నుంచి ఈ కొసకు తమ్మీ. గంట పైనే, నడుమ సైట్లల్ల దించుకుంట పోతే గంటన్నర.