సమస్య: నల్లి పటము మోసె నాల్గు నెలలు

ఆటవెలది నాలుగో పాదం ఇది, యతి న–నా. లాటిన్‌లో నల్లికి ‘కీమెక్స్’, ద్వితీయలో ‘కీమికెమ్’. ఆ మాట వంశం పూరణలోకి రావాలన్నది షరతు. ఇటాలియన్‌లో ‘చీమిచె’, స్పానిష్‌లో నడిమి ఇకారం రాలి, చకారం పక్కన మకారం నకారమై ‘చించె’. ఫ్రెంచి ఈ మాటను వదిలేసి, కంపును బట్టి ‘ప్యునేజ్’ అంది. ‘చించె’ నుంచి పుట్టిన స్పానిష్ ‘చించేత’, ఫ్రెంచి ‘ప్యునేజ్’ బోర్డు పిన్నుకూ పేర్లే. ‘చీమిచె’ అంటే చాటున పెట్టే మైకు కూడా.

‘చించేత’ తగణం (గురువు, గురువు, లఘువు). సూర్యగణాల్లో (గురువు, లఘువుల హగణం, మూడు లఘువుల నగణం) ఇమడదు, 1, 3 పాదాల చివరి రెండు ఇంద్రగణాల్లోనే దానికి చోటు.

పూరణ 1
రోము మాటలోన రూఢిగా నిలిచిన
చిట్టి పురుగు పేరె సీల కయ్యె
గోడ గుచ్చినట్టి గొడుగుతలయినుప
నల్లి పటము మోసె నాల్గు నెలలు

విమర్శ: ఆర్యా, ‘ఇనుప నల్లి’ చక్కగా కుదిరింది. కాని పురుగు పేరు సీలకు ఎందుకొచ్చిందో పద్యం చెప్పలేదు. రెండూ చదునుగా, అంటుకుపోయినట్టుంటాయి. గొడుగు వంపు తిరిగినది. రెండో పాదం ‘చదును వీపు పురుగు చాయఁ దోఁచి’ అని, మూడోదానిలో ‘కురుచతలయినుప’ అంటే పోలిక నిలుస్తుంది.

పూరణ 2
మగ్గ మెక్కి నేత మనసుపెట్టి దినము
సంతలోన నమ్మ సాలెవాఁడు
రంగు లద్దినట్టి రమ్యమౌ పోగుల
నల్లి పటము మోసె నాల్గు నెలలు

విమర్శ: పోగులన్ + అల్లి! పటమంటే వస్త్రం. విరుపు నిర్దోషం, ధార హాయిగా ఉంది. అయితే నల్లే మాయమైంది కనుక షరతు తీరలేదు.

పూరణ 3
గదిని మాట వినెడి కనబడని చెవిగ
చీమిచె యను పేరఁ జేర్చి రచట
చట్రమునకు వెనుక సద్దులేక యొదుగు
నల్లి పటము మోసె నాల్గు నెలలు

ప్రశ్న: ఇక్కడ మోసింది పటం కదా? ‘నల్లిని’ అయితే ‘నల్లిఁ బటము’ కావాలి, సమస్యే మారిపోదూ?

జవాబు: జడవాచకానికి ద్వితీయార్థంలో ప్రథమ రావచ్చు, అంటే ‘ని’ లేకుండానే ఆ అర్థం వస్తుంది. ప్రాణమున్న నల్లికి ఆ వెసులుబాటు చెల్లదు, మైకుకు చెల్లుతుంది. ‘చీమి’ హగణం, ‘చెయను’ నగణం. పరాయి మాటను రెండు గణాల మీద పరిచిన తీరు గమనించండి.