ఆన్‌లైన్ క్లాసుల మీద ఫామ్ నింపాం, స్కూల్ జవాబిచ్చింది. మళ్లీ అడగొచ్చా?

కూకట్‌పల్లి అమ్మ (ఆగస్టు 2020)

పాప మూడో తరగతి, బాబు ఏడో తరగతి, ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూల్, పేరు వద్దులెండి. కరోనాకి స్కూళ్లు మూసేశారు కదా, జూన్ నుంచి ఆన్‌లైన్ క్లాసులు నడుస్తున్నాయి. పోయిన నెల స్కూల్ వాళ్లే గూగుల్ ఫామ్ పంపి మీ అభిప్రాయం రాయండి అన్నారు. రాత్రి పదకొండింటికి, సింకులో గిన్నెలు అలాగే వదిలేసి కూర్చుని, ఉన్నదంతా రాశాను. ఇద్దరికీ తొమ్మిదింటికే క్లాసు. ఇంట్లో రెండు ఫోన్లు, అందులో ఒకటి మా ఆయనతో పాటు ఆఫీసుకి పోతుంది. పాపకి రోజుకు నాలుగు క్లాసులు, ఒక్కోటి 40 నిమిషాలు. మూడోది మొదలయ్యేసరికి కళ్లు నులుముకుంటూ మెల్లగా కుర్చీలోంచి జారి బల్ల కిందకి పోతుంది, కెమెరాలో ఖాళీ కుర్చీ, అవతల టీచరేమో పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు. ఆ తర్వాత నోట్సు రాయించి, ఫొటోలు తీసి, సాయంత్రం ఆరులోపు పెట్టాలి. మొన్న ఒక్కరోజే పద్నాలుగు ఫొటోలు పెట్టాను.

నిన్న ప్రిన్సిపల్ దగ్గర్నుంచి రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. యూనిఫాం వేయనక్కర్లేదట, శనివారం సెలవట, క్లాసుల మధ్య పది నిమిషాలు బ్రేక్ అట. ఎన్ని గంటలు చెప్పాలి అన్నదాని మీద మాత్రం "మెజారిటీ తల్లిదండ్రులు సంతృప్తిగా ఉన్నారు" అని ఒక్క లైను. ఎంతమంది నింపారో, అందులో ఎందరు అలా అన్నారో లేదు. వాట్సాప్ గ్రూపులో అప్పటికే సగం మంది దండాల బొమ్మలు పెట్టేశారు!

జులై 14న ఆన్‌లైన్ చదువుల మీద కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత గైడ్‌లైన్స్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు సెషన్లు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలని ఉంది కదా. మరి ఇదేంటి? మళ్లీ రాస్తే పిల్లల మీద చూపిస్తారేమోనని కూడా భయం. మీ స్కూళ్లలో ఏం చేశారో చెప్పండి.

హన్మకొండ నాన్న

మీకు జవాబన్నా వచ్చింది. మాకు ఫామ్ నింపిన మూడో రోజు ఫీజు రిమైండర్ వచ్చింది, అదే జవాబనుకున్నాం. ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద ఏప్రిల్ 21న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఆర్డర్, జీవో 46, ప్రింట్ తీసుకుని వెళ్లండి. ఈ ఏడాది ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలి. క్లాసుల సంగతి, ఫీజు సంగతి రెండూ కలిపి గట్టిగా అడిగితేనే దారికొస్తారు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

చాక్‌పీస్

నేను అవతలి పక్క మనిషిని, వేరే స్కూల్లో టీచర్‌ని. నాన్నగారూ, ఆ రెండూ కలపకండి. ఒకే లెటర్లో ఫీజు మాట కనపడిందంటే అది నేరుగా అకౌంట్స్ వాళ్ల దగ్గరికి పోతుంది, మూడో తరగతి పాప సంగతి అక్కడ ఎవరూ చూడరు.

మేడమ్, మా దగ్గర ఫామ్ జవాబులు ఎక్సెల్‌లో సర్దింది నేనే కాబట్టి చెప్తున్నా. "సంతృప్తిగా ఉన్నారా, అవునా కాదా" అన్న ప్రశ్నకి వచ్చిన టిక్కుల్నే మీటింగులో చూపించారు. కింద ఖాళీ డబ్బాలో మీలాంటి వాళ్లు రాసిన పేరాలు నేను చదివాను, నా పైవాళ్లు చదివినట్టు నాకు అనిపించలేదు. చదివినా తల తిరుగుతుంది లెండి. ఒకే సెక్షన్లో ఒకరు "మా వాడికి తలనొప్పి వస్తోంది, స్క్రీన్ తగ్గించండి" అంటే, దాని కింద లైన్లోనే ఇంకొకరు "ఇంత ఫీజు కట్టించుకుని ఇన్ని క్లాసులేనా, మామూలు టైంటేబుల్ పెట్టండి" అని రాశారు. మేనేజ్‌మెంట్‌కి వీలైంది పట్టుకుంటుంది. యూనిఫాం తీసేయడానికి ఖర్చేముంది?

ప్రజ్ఞాత గైడ్‌లైన్సే గానీ ఆర్డర్ కాదు, ఆ మాటే మీకు తిరిగి చెప్తారు. అయినా లెటర్లో పెట్టండి, బరువుంటుంది. అన్నీ రాయకండి, ఒకటి రెండు, అదీ టైముతో సహా. "స్క్రీన్ టైం తగ్గించండి" అంటే ఎవరూ ఏమీ చేయరు. "మూడో తరగతి బి సెక్షన్ తొమ్మిదింటిది పదకొండింటికి మార్చండి, ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో ఫోన్ ఒకటే ఉంటోంది" అంటే టైంటేబుల్ వేసే మనిషి అది చేయగలరు. ముందు క్లాస్ టీచర్‌కి ఫోన్ చేయండి, కోపం ఆవిడ మీద చూపించకుండా.

ఆ ఫొటోల గురించి కూడా అడగండి, దండం పెడతాను. నలభై మంది పిల్లలవి రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో వేళ్లతో పెద్దవి చేసుకుంటూ దిద్దుతున్నాం. సగం అడ్డంగా వస్తాయి, మొన్న ఒకదాని మీద పప్పు మరక, కూడికలో పదులెక్కడో ఒకట్లెక్కడో తెలియలేదు. ఏప్రిల్ నుంచి సగం జీతానికి ఇదంతా. తగ్గిద్దామని మేమంటే ఒళ్లు వంచలేదంటారు, మీరంటే సలహా అవుతుంది.

సూర్యాపేట బాబాయ్

ఇదంతా చదువుతుంటే మా అన్న పిల్లలు గుర్తొచ్చారు. సర్కారు బడి, మార్చి నుంచి పుస్తకం తెరవలేదు. సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచి, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా, టీవీలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలొస్తాయన్నారు, సార్లు ఆగస్టు 27 నుంచి బడికి వస్తున్నారు. వాళ్ల ఇంట్లో టీవీ ఉంది, కరెంటు పోతే మాత్రం ఆ రోజు పాఠం పోయినట్టే. వాళ్లకి ఫామ్ ఎవరూ పంపలేదండీ. మీరు మాత్రం అడగండి, అడిగే వీలున్నప్పుడు అడగాలి.

కూకట్‌పల్లి అమ్మ (సెప్టెంబరు)

చాక్‌పీస్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. క్లాస్ టీచర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ముందు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "లెటర్లో ఫొటోల మాట తప్పకుండా రాయండి మేడమ్" అని మెల్లగా అన్నారు! పదకొండు మంది తల్లిదండ్రులం సంతకాలు పెట్టి ఒక పేజీ ఇచ్చాం. దండాల బొమ్మలు పెట్టినవాళ్లలో నలుగురు అందులో ఉన్నారు, వాళ్లూ విసిగిపోయే ఉన్నారట, గ్రూపులో అనడానికి మొహమాటం.

పాప సెక్షన్ పదకొండింటికి మారింది. ఫొటోలు వారానికి ఒక్కసారి, శుక్రవారం. క్లాసులు మాత్రం నాలుగే ఉంచారు, 40 నిమిషాలు కాస్తా 30 చేశారు. ప్రజ్ఞాత గురించి హన్మకొండ నాన్నగారు చెప్పినంత గట్టిగా అడగలేకపోయాను, "పరిశీలిస్తాం" అన్నారు, వదిలేశాను. పాప మూడో క్లాసుకి ఇంకా బల్ల కిందకే పోతోంది. కాకపోతే ఇప్పుడు ఫోన్ కూడా వెంట తీసుకెళ్లి, అక్కణ్నుంచే "ప్రెజెంట్ మేడమ్" అంటోంది.